భువనగిరి కొండపై మా పొరపాటు

మా వారు బడి బాలికలను శిలారోహణ శిక్షణకై భువనగిరికిఁ గొనిపోవుచుండఁగా, పిల్లలకుఁ దోడుగా మేమును వెళ్ళితిమి. ఆ కొండ యంతయు నొకే శిల. పైని పురాతన దుర్గము కలదు. పాకాల గ్రామ బాలిక మాలావత్ పూర్ణ శిక్షణ పొందినది యిచ్చటనే. 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరమును జేరునాఁటి కామెకు 14 ఏండ్లైనను నిండలేదు.

శిక్షకుఁడు మొదట పిల్లల జడలు ముడిపించి, చున్నీలు తీయించెను. త్రాడు దూర్చు లోహపు వలయమున వెండ్రుకలు చిక్కుకొన్నచో దిగువారు నడుమనే నిలిచిపోవుదురఁట! పిన్నులు మా సంచిలో నుండుటచే ఆ పని మాకే దక్కెను. పిదప త్రాటిపై దిగు విద్య. భయమున శిలను హత్తుకొన్నచోఁ బాదములు జాఱును. ఎడముగా నిలిచి, వెనుకకు వాలి, బరువు త్రాటిపై వేసినచో నవియే గట్టిగాఁ బట్టును. క్రింది త్రాటిని బట్టిన చేయి మాత్రము విడువరాదు. రక్షణకై వేఱొక త్రాడును గట్టుదురు.

ఇవన్నియు వినియు మేము నేర్చిన దేమి? ఒక బాలిక అంచున నిలిచి వణఁకుచుండెను. శిక్షకుఁడు, "నీకు ధైర్యం వచ్చినప్పుడే కదులు" అని యూరకుండెను. మేమే యాఁగలేక, "వద్దులే తల్లీ, వచ్చేయి!" అని కేకవేసితిమి. పిల్ల వెనుదిరిగెను. ఇంతలో నెండ ముదిరి రాయి కాలఁజొచ్చెను. ఆనాఁటికి శిక్షణ ముగిసెను.

తిరుగు బండిలో నామె, "మీరు పిలవకుంటే దిగేదాన్నమ్మగారూ" అనెను. మేమేమనఁగలము?

వచ్చు మాసమున మరల వెళ్ళవలసియున్నది. ఆమె పేరు మొదటఁ జేర్పించితిమి. ఈ సారి జడలు ముడిచి, మేము కొండ క్రిందనే యుందుము.