పెరటిలో నేమి నాటవలెను?

మేమెఱిగిన పెక్కిండ్లలో పెరటికి విత్తనములు తెచ్చువారు పురుషులు. వారి నాలుకకు రుచించినవే వచ్చును. వంగకును బెండకును మంచిమడులు దొరకును. తోటకూరకు జలదారిమూల మిగులును. వడ్డనయు నీ క్రమముననే జరుగును. కూర పురుషులకును బిడ్డలకును జెల్లిపోవ, వండిన యిల్లాలికి బచ్చడియు మజ్జిగయు దక్కును.

2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున, మనదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత గలదని తేలినది. దీనికి గారణములు పెక్కు. తిండిలోని లోపము వానిలో నొకటి.

కావున నెంపిక కడపట భుజించు నామెతో నారంభింపవలెనని మా యభిప్రాయము. తోటకూర విత్తిన నెలదినములకే కోతకు వచ్చును. బచ్చలి తీగముక్క నాటినను బ్రదుకును. మునగ కొమ్మ పాతినను జిగిర్చును. మునగ యింటికి దోషమందురు. దాని కొమ్మ పెళుసు. గోడకు దూరముగా నాటిన జాలును. ఆకుకూరలోని యినుము దేహమున కంటుటకు నిమ్మరసము తోడ్పడును గనుక నొక నిమ్మమొక్కయు నుండవలెను.

అయినను మడి మాఱినంతనే విస్తరి మాఱదు. పంక్తి పాతదేయైనచో నామెవంతు మరల బచ్చడియే. పాఠకమహాశయులారా! విత్తుటకు ముందిల్లాలి నడుగుడు. వండిన పిమ్మట నామెను మీ సరసనే కూర్చుండబెట్టుకొనుడు.