కొయ్య ఉబ్బితే ట్రిగ్గర్ మారుతుంది

ఆలపల్లి నుంచి సిరోంచ వైపు వెళ్తూ రేపనపల్లి దగ్గర లోపలికి మళ్ళితే కమలాపూర్ వస్తుంది. గడ్చిరోలి జిల్లా, అహేరి తాలూకా, సిరోంచ అటవీ డివిజన్. మాడియా, గోండి, మరాఠీ, తెలుగు నాలుగూ వినిపించే ఊరు. బయటివాళ్ళు ఇక్కడికి వచ్చేది ఏనుగుల కోసం. ఒకప్పుడు అడవిలో టేకు దుంగలు లాగించడానికి పెంచిన ఏనుగులకు ప్రభుత్వ క్యాంపు ఉన్నది ఇక్కడే. 2022లో వాటిని గుజరాత్‌లోని జామ్‌నగర్‌కు తరలిస్తారన్న వార్త పొక్కగానే ఈ చుట్టుపక్కల జనం గట్టిగా అడ్డుచెప్పారు. ఏనుగులు ఉండిపోయాయి. ఏటా జనవరి చలిలో వాటికి సెలవిచ్చి, వనమూలికలు మరిగించిన మందును కాళ్ళకు పట్టిస్తారు.

నేను వెళ్ళింది ఆ రోజుల్లోనే. క్యాంపు చూసినా, అసలు పని మాత్రం ఊళ్ళో ఉంటున్న ఒక రిటైర్డ్ పోలీసు ఆర్మరర్‌తో. సర్వీసంతా తుపాకుల మరమ్మతులోనే గడిపిన మనిషి. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. నేను కాకా అని పిలిచాను.

ఈ ప్రాంతంలో తుపాకి ఊసు తేలిగ్గా ఎత్తరు. 1980 నవంబరులో సిరోంచ తాలూకా మోయబిన్‌పేటలో నక్సలైటు పెద్ది శంకర్ పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. 1984 ఫిబ్రవరిలో ఇదే కమలాపూర్‌లో తలపెట్టిన ఆదివాసీ రైతు కూలీల సభను ప్రభుత్వం జరగనివ్వలేదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో రెండు వైపులా ఎన్ని ప్రాణాలు పోయాయో ఇక్కడి ఇళ్ళకు తెలుసు. అందుకే నేను వచ్చిన పని చెప్పగానే కాకా మొదట నా ముఖంలోకి చూసి, "కాల్చుడు గురించి అయితే నా దగ్గరేం లేదు బిడ్డా. పేలకుండ ఎట్ల ఉంచాలె అంటే చెప్త" అన్నారు. నాకు కావలసిందీ అదే.

ఇంట్లో తుపాకి లేదు, తుపాకి ముక్క కూడా లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి ఉంచుకోవడానికే కాదు, బాగుచెయ్యడానికీ లైసెన్సు కావాలి. రిటైరైన రోజు నుంచి ఒక్క స్క్రూ కూడా ముట్టలేదన్నారు. ఆయన దగ్గరున్నది టేకుతో చెక్కిన నమూనా. మోచెయ్యంత పొడవు. పక్కభాగం కోసేసి లోపలి పనితనం కనిపించేలా చేశారు. కొత్తగా చేరిన కానిస్టేబుళ్ళకు పాఠం చెప్పడానికి చేసుకున్నదట. సియర్‌కు, అంటే పేల్చే పిన్నును ఆపి పట్టే మీటకు, ఎర్ర రంగు వేశారు. మిగతాదంతా రంగులేని టేకే, చేతులు పట్టీ పట్టీ నల్లబడింది.

ఆ నమూనా .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ది. మన పోలీసుల భుజాన ఎన్నో ఏళ్ళు ఉన్నది అదే. లైసెన్సుదారుల దగ్గర కనిపించే .315 కూడా ఆ కుటుంబంలోదే, బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారీ. .303 సైన్యం తూటా కాబట్టి పౌరులకు దక్కనివ్వకుండా, అదే యంత్రాన్ని 8 మిల్లీమీటర్ల మాన్‌లిఖర్ తూటాకు సరిచేసి అమ్మారు. కాబట్టి కాకా చెప్పిందంతా ఇప్పుడు లైసెన్సుతో .315 ఉన్నవాళ్ళకూ పనికొస్తుంది.

బోల్టు ముందుకు తోసి చూపించారు. బోల్టు వెనక, ఆ పిన్నుకు బిగించిన కాకింగ్ పీస్ ఉంటుంది. దాని అడుగున ఉన్న గాటుకు సియర్ ముక్కు అడ్డం పడుతుంది. ఇక బోల్టు ముందుకు పోతుంది, కాకింగ్ పీస్ మాత్రం ఆగిపోతుంది, మధ్యలో స్ప్రింగు నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ లాగితే సియర్ ముక్కు కిందికి దిగుతుంది, ఆగినది వదులుతుంది, పిన్ను వెళ్ళి తూటాను కొడుతుంది. ట్రిగ్గర్ మీద రెండు బుడిపెలున్నాయి. మొదటి బుడిపె సియర్‌ను చాలావరకు దించుతుంది, అక్కడ వేలికి ఒక గట్టి ఆపు తెలుస్తుంది. రెండో బుడిపెతో మిగిలిన కాస్తా దిగుతుంది. ఆ చివరి లాగుడుకు ఐదారు పౌండ్ల బలం, అంటే రెండున్నర కిలోలకు అటూ ఇటూగా పట్టాలి. కాకా స్ప్రింగు కాంటా కొక్కేన్ని కొయ్య ట్రిగ్గర్‌కు తగిలించి, ఎటూ వంగకుండా తిన్నగా వెనక్కి లాగి చూపించారు. మూడుసార్లు లాగితే మూడు రకాల అంకెలొస్తే, బరువు ఎంతన్నది తర్వాతి సంగతి, లోపల ఏదో స్థిరంగా లేదని ముందు అర్థం చేసుకోవాలట.

"ట్రిగ్గర్ గట్టిగైంది, ట్రిగ్గర్ ఒదులైంది అనుకుంట వస్తరు. చానాసార్లు ట్రిగ్గర్ల ఏముండది. మట్టి ఉంటది, నూనె ఉంటది, కొయ్య ఉంటది" అన్నారు.

నూనె సంగతి చలికాలానికి బాగా వర్తిస్తుంది. ఇళ్ళలో చేతికందేది కొబ్బరినూనె. తుపాకికీ అదే రాసేవాళ్ళను ఎంతమందినో చూశారాయన. 24 డిగ్రీలకు దిగితే పేరుకునే నూనె అది. ఈ అడవి ఊళ్ళలో జనవరి తెల్లవారుజామున రైఫిల్ లోపల తెల్లగా గడ్డకట్టి సియర్‌ను సగంలో ఆపేస్తుంది. ఎండకు కరిగి, దుమ్ము పట్టి, ఏళ్ళు గడిస్తే బంకవుతుంది. అలాంటి సియర్ పూర్తిగా పైకి లేవదు, గాటు అంచున మాత్రమే పట్టుకుంటుంది. దీనికి రోగం కనిపెట్టడం, మందు వెయ్యడం ఒకటే పని: పాత జిడ్డంతా కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టి, పలచటి గన్ ఆయిల్ ఒక్క చుక్క వేసి మళ్ళీ కాంటాతో చూడటం. సగం ఫిర్యాదులు అక్కడితో తీరిపోయేవన్నారు.

ఈ జిగట సంగతి చిన్నదని కొట్టిపారెయ్యడానికి లేదు. అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ 2014 ఏప్రిల్‌లో తన 700 మోడల్ బోల్ట్ రైఫిళ్ళను వెనక్కి పిలిచింది. 2006 మే నుంచి తయారైన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లలో కొన్నింటికి బిగింపు జిగురు మోతాదు మించిందని, ట్రిగ్గర్ లాగకుండానే రైఫిల్ పేలే ప్రమాదముందని కంపెనీయే ప్రకటించింది. ఫ్యాక్టరీలో ఎక్కువైన జిగురుకూ ఇంట్లో గడ్డకట్టిన నూనెకూ సియర్ దృష్టిలో తేడా లేదు.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది కొయ్య. ఈ పాత ఎన్‌ఫీల్డ్‌లో సియర్ ఇనుప బాడీకి బిగించి ఉంటుంది. ట్రిగ్గర్ మాత్రం కింద ఉన్న ట్రిగ్గర్ గార్డుకు వేలాడుతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్నది కర్ర. వానాకాలంలో తలుపు ఉబ్బినట్టు ఆ కర్రా ఉబ్బుతుంది, గార్డు కిందికి జరుగుతుంది, ట్రిగ్గర్ సియర్‌కు దూరమవుతుంది. లాగుడు సాగుతుంది. వేసవిలో కర్ర ఎండి కుంచించుకుంటే గార్డు స్క్రూలు వదులవుతాయి. ఎవరో ఒకరు వాటిని బలంగా బిగిస్తారు. గార్డు పైకి వస్తుంది, ట్రిగ్గర్ బుడిపె వేలు పెట్టకముందే సియర్‌ను నొక్కుతూ ఉంటుంది. మొదటి లాగుడు మాయమవుతుంది. "అబ్బ, ట్రిగ్గర్ ఎంత తేలికైంది" అని వాళ్ళు సంబరపడేది అప్పుడే. నిజానికి సియర్ అంచున వేలాడుతోంది.

దీన్ని ఆపడానికి గార్డు ముందువైపు స్క్రూ చుట్టూ ఒక చిన్న ఇనుప కాలర్ పెడతారు. కర్ర ఎంత ఎండినా గార్డు ఆ కాలర్ ఎత్తు దగ్గర ఆగాలి. రైఫిల్ విప్పినవాళ్ళు కింద పోగొట్టుకునేది సరిగ్గా ఆ కాలర్‌నే. కాకా నమూనాలో దాన్ని ఇత్తడి గొట్టం ముక్కతో చేశారు. అది తీసేసి స్క్రూ బిగించారు. ఎర్ర సియర్ నా కళ్ళముందే గాటులోంచి కిందికి జారుతూ వచ్చి, వెంట్రుకవాసి పట్టుతో ఆగింది. బోల్టును అరచేత్తో తట్టారు. టక్కుమని వదిలేసింది. ట్రిగ్గర్ దగ్గర ఎవరి వేలూ లేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండు ఇదే ఎన్‌ఫీల్డ్ కుటుంబంలోని నంబర్ 4 రైఫిల్లో ట్రిగ్గర్‌ను గార్డు నుంచి తీసి ఇనుప బాడీకే వేలాడదీసింది. ఇన్నేళ్ళ యుద్ధాలయ్యాక గాని ఆ మార్పు రాలేదన్నది కాకా బాధ.

హైదరాబాద్‌లో షూటింగ్ నేర్చుకుంటున్న ఆయన మనవడు పక్కనే కూర్చున్నాడు. తమ రైఫిళ్ళ ట్రిగ్గర్లు గ్రాముల లెక్కన ఉంటాయని, 50 మీటర్ల పోటీలో కనీస బరువు నిబంధనే లేదని చెప్పాడు. అదే 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కు 1500 గ్రాములకు తగ్గకూడదని తనే అన్నాడు. ఈ పోటీ రైఫిళ్ళలో స్ప్రింగు బిగువుకు ఒక స్క్రూ, సియర్ పట్టుకు ఒకటి, వదిలాక ట్రిగ్గర్ ఎంతదూరం పోవాలన్నదానికి ఒకటి ఉంటాయి. కాకా కాదనలేదు. రేంజిలో గొట్టం ఎప్పుడూ గురివైపే ఉంటుంది, తూటా వేసేది కాల్చే ముందే. చీకట్లో గుంపుగా నడిచేవాడి భుజాన ఉన్న రైఫిల్ లెక్క వేరు. స్క్రూలున్న రైఫిల్లో కూడా స్ప్రింగు స్క్రూ తప్ప సియర్ పట్టు స్క్రూ జోలికి సొంతదారు పోకూడదన్నది ఆయన గట్టి మాట. నాకూ అదే సబబనిపిస్తుంది. లాగుడు తేలికైతే గురి కుదురుతుందన్న ఆశతో పట్టు తగ్గించుకుంటే, పోయేది మన ప్రాణం కాదు, ఎదుటివాడిది.

పాత ఎన్‌ఫీల్డ్‌లో అసలు ఇలా సర్దే స్క్రూలే లేవు. అందుకే కొందరు ఆకురాయి పడతారు. ఆ మాట ఎత్తగానే కాకా గొంతు మారింది. సియర్ ముక్కుకు గట్టిదనం పైపొర వరకే. ఆ పొర గీరేస్తే కింద మెత్తటి ఉక్కు. నాలుగు రోజులు నున్నగా, తేలిగ్గా పలుకుతుంది. తర్వాత అరుగుతుంది, కోణం మారుతుంది, ఒకనాడు బోల్టు మూస్తుండగానే పిన్ను దాని వెంటే పోతుంది. ఆర్మరర్ కూడా సన్నటి నూనెరాయితో మెరుగు పెడతాడే తప్ప గీరడు. పని అక్కడికి వచ్చిందంటే ముక్క మార్చడమే. బోల్టును ఒక రైఫిల్ నుంచి ఇంకో రైఫిల్‌కు మార్చడమూ అంతే తప్పు. కాకింగ్ పీస్ గాటు ఒకదానికి అరిగినట్టు ఇంకోదానికి అరగదు. బోల్టు పిడి మీద రైఫిల్ నంబరే కొట్టి ఉంటుంది.

లైసెన్సుదారు తనంతట తాను చేయదగ్గవి కొన్నే. గొట్టం మనుషుల్లేని వైపు పెట్టాలి. మ్యాగజైన్ తీయాలి, బోల్టు తెరవాలి, చాంబర్‌లో చూసి, వేలు పెట్టి కూడా చూడాలి. తూటాలు ఇంకో గదిలో ఉండాలి. ఖాళీ రైఫిల్‌ను కాక్ చేసి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా లాగి వదలాలి. ఇప్పుడు ట్రిగ్గర్ ముట్టకుండా సేఫ్టీ తీయాలి. పిన్ను కదలకూడదు. బోల్టును నాలుగైదుసార్లు విసురుగా మూయాలి. ప్రతిసారీ కాకింగ్ పీస్ వెనకే ఆగాలి. వీటిలో ఏది తప్పినా రైఫిల్ పక్కన పెట్టి లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గరికి తీసుకుపోవాలి. తూటా వేసినప్పుడు ట్రిగ్గర్ లాగినా పేలకపోతే వెంటనే బోల్టు తెరవొద్దు. గొట్టం అదే దిక్కున పెట్టుకుని కనీసం అరనిమిషం ఆగాలి, తూటా ఆలస్యంగా అంటుకోవచ్చు.

మరమ్మతయ్యాక మీరేం చేసేవారని అడిగాను. రబ్బరు సుత్తితో బట్ మీదా పక్కలా తట్టి చూడటం, కాంటా అంకెలు రిజిస్టర్లో రాయడం అందరూ చేసేదే. ఆయన ఇంకొకటి పట్టుబట్టి చేయించేవారు. ఫిర్యాదు తెచ్చిన కానిస్టేబుల్‌నే పిలిచి, డమ్మీ తూటాలిచ్చి, తన ఎదురుగా అతని చేతులతోనే బోల్టు ఆడించమనేవారు. అతని వేలికి రెండు లాగుళ్ళూ విడివిడిగా తెలిశాయని అతనే చెప్పి సంతకం పెడితేనే రైఫిల్ ఇచ్చేవారు.