ఏలూరు రాజావారి సత్రం

మండవల్లి రైల్వేస్టేషన్ దాటి నాలుగడుగులు వేస్తే చాలు, చేపల చెరువులు పలకరిస్తాయి. ఇంకాస్త ఉత్తరానికి వెళితే కొల్లేరు. వానాకాలంలో బుడమేరు పొంగిందంటే పెనుమాకలంక, ఇంగిలిపాకలంక లాంటి లంక గ్రామాలకు పడవే దిక్కు. 2024 సెప్టెంబరు వరదల్లోనూ అదే జరిగింది. అలాంటప్పుడు ఏ ఇంట్లోనైనా కోడలికి నొప్పులు మొదలైతే పడవలో ఆమె ఒక్కతే ఎక్కదు. పక్కన తల్లి, అత్తగారు, ధైర్యం చెప్పడానికో పిన్ని. వాళ్లతోపాటు దుప్పటి, మరచెంబు, అన్నం క్యారేజీ.

2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉన్న మండవల్లి ఇప్పుడు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా ఆస్పత్రి ప్రయాణం తీరు మాత్రం మారలేదు. మంచం మీద రోగి ఒక్కరైతే వరండాలో నలుగురు! బయటి దేశం నుంచి కొత్తగా వచ్చిన డాక్టరుకు ఇదంతా అనవసరపు గుంపులా కనిపించవచ్చు. కానీ వాళ్లు చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు కాదు. పథ్యం వండేదీ, మందు తాగించేదీ, ఆపరేషన్‌కు సరేననేదీ వాళ్లే. ఈ సంగతి వందేళ్ల కిందటే గ్రహించిన ఏలూరు జమీందారు ఒకరున్నారు. ఆ కథలో ఒక అమెరికా డాక్టరమ్మ కూడా ఉంది.

తెలుగు నేర్చిన దొరసాని

ఆమె పేరు అన్నా సారా కుగ్లర్. పెన్సిల్వేనియాలో పుట్టి, 1879లో అక్కడి ఉమెన్స్ మెడికల్ కాలేజీలో పట్టా పుచ్చుకున్నారు. (అన్నట్టు, 1886లో మన ఆనందీబాయి జోషీ డాక్టరైందీ ఆ కాలేజీలోనే.) 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు. తీరా వస్తే అప్పగించిన పని వైద్యం కాదు! ఆడపిల్లల బడులు చూసుకోవడం, ఘోషా ఇళ్లకు వెళ్లి చదువు చెప్పడం. మిషన్ ఆమెను డాక్టరుగా నియమించేసరికి 1885 వచ్చింది.

చదివిన చదువుకు అదో అవమానమే. కానీ ఆ రెండేళ్లూ వృథా పోయాయని అనలేం. ఆమెకు తెలుగు వచ్చింది. మగ డాక్టరుకు నాడి కూడా చూపించని స్త్రీలు ఏ గదిలో ఉంటారో, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో, ఎవరు ముట్టిన నీళ్లు ఎవరు తాగరో... ఇవన్నీ ఏ మెడికల్ కాలేజీలో చెబుతారు? ఆ పాఠాలు గుంటూరు వసారాల్లో నేర్చుకోవాల్సిందే.

1898లో ఆస్పత్రి తెరుచుకుంది. అమెరికా నుంచి వచ్చిన నర్సు క్యాథరిన్ ఫాస్ ఇక్కడి అమ్మాయిలకు నర్సు పని నేర్పారు. కట్టు కట్టడం, పనిముట్లు మరగబెట్టడం వాళ్లకు కొత్తే. కానీ భయంతో బిగుసుకుపోయిన బాలింతను ఏమని పిలవాలో, సణిగే అత్తగారికి ఎలా నచ్చజెప్పాలో వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. అక్కడ గురువులు ఆ అమ్మాయిలే.

ఇక ఏలూరు రాజా. లక్కవరం జమీందారు మంత్రిప్రగడ భుజంగరావు కవి, ఏలూరు నుంచి ‘మంజువాణి’ పత్రిక నడిపిన సాహిత్యాభిమాని. ఆయన భార్యకు కుగ్లర్ వైద్యం చేసి నయం చేశారు. ఆ కృతజ్ఞతతో ఆయన ఏం కట్టించారంటే... వార్డు కాదు, సత్రం! రోగులతో వచ్చే బంధువులు తలదాచుకునేందుకు ఆస్పత్రి దగ్గరే కట్టించారు. ‘ఏలూరు సత్రం’గా దానికి పేరొచ్చింది. ఆస్పత్రి ప్లానులో లేనిదేమిటో భార్యను వెంటబెట్టుకుని వచ్చిన మనిషికి తెలిసింది. దాతల పేర్లు చెక్కిన శిలాఫలకాలు ఏ ఆస్పత్రిలో చూసినా ఉంటాయి, ఇలాంటి ఆలోచన మాత్రం అరుదు. కుగ్లర్ 1930లో కన్నుమూశారు. గుంటూరులో ఆస్పత్రికి ఆమె పేరే నిలిచింది.

సోమవరప్పాడు పేరు సముద్రాలు దాటి...

ఏలూరు చుట్టుపక్కల నుంచి ఆస్పత్రి బోర్డుకెక్కిన పేరు మరొకటుంది. సినీ దర్శకుడు ఎల్.వి. ప్రసాద్‌ది ఏలూరు దగ్గరి సోమవరప్పాడు. అమెరికాలోని రోచెస్టర్ నుంచి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో ఆయన పేరిట కంటి ఆస్పత్రి ప్రారంభించారు. ఆ సంస్థ పల్లెల్లో పెట్టిన కంటి కేంద్రాల్లో ఉండేది డాక్టర్లు కాదు, ఏడాది శిక్షణ పొందిన స్థానిక యువతీయువకులు. మిషను ముందు బెదురుతూ కూర్చున్న ముసలమ్మతో ఆ పక్క ఊరి పిల్ల ‘పెద్దమ్మా, గడ్డం ఇక్కడ ఆనించు’ అంటే సగం భయం పోతుంది.

అదే సంస్థ 2017లో ఆఫ్రికాలోని లైబీరియాకు వెళ్లింది. రాజధాని మన్రోవియాలో కంటి వైద్యం మొదలుపెట్టింది. అక్కడి జనానికి ఇప్పుడు పరదేశీ డాక్టర్లంటే మనవాళ్లే! వరండాలో నిలబడ్డ నలుగురిలో ఎవరు తల్లో, ఎవరు మేనత్తో, ఎవరు తలూపితే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టో వీళ్లకూ మొదట అర్థం కాదుగా. అందుకే లైబీరియా వాళ్లనే కొందరిని హైదరాబాద్ రప్పించి, శిక్షణ ఇచ్చి, వాళ్ల ఊరికే పంపించారు.