నీళ్లకూ తోడు పెట్టాలి

నర్సీపట్నం
మార్గశిర మాసం



కొత్త తొట్టిలో చేపలు వేశారా అని మీలో చాలామంది అడిగారు. ఇంకా వెయ్యలేదు. నీళ్లు నింపి నేటికి 26 రోజులు.

కిందటేడు తొందరపడ్డాను. తొట్టి కొన్న రోజే దుకాణంలో ఆరు గప్పీలు కూడా కవర్లో కట్టి ఇచ్చారు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. నాలుగో రోజు పొద్దున చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని కొట్టుకుంటున్నాయి. వారానికి ఒక్కటీ మిగల్లేదు. మా అమ్మాయి చాలాసేపు ఆ తొట్టి ముందునుంచి లేవలేదు.

తేటగా ఉన్నంత మాత్రాన చేప బతికే నీళ్లు కావు. చేప విసర్జించేది, తినకుండా వదిలేసిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. కంటికి కనపడదు, మొప్పల్ని మాత్రం కాల్చేస్తుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది. అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తే మొక్కలు పీల్చుకుంటాయి. ఈ రెండు రకాల బాక్టీరియా ఇసుకనీ, ఫిల్టర్ స్పాంజినీ పట్టుకుని పెరుగుతాయి. తగినంత పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. భీమవరం, కైకలూరు చేపల రైతులు చెరువు నీళ్లు సీసాల్లో పట్టుకుని ల్యాబులకు వెళ్లి చూపించుకునే వాటిలో ఈ అమ్మోనియా, నైట్రైట్ కూడా ఉంటాయి. ఎకరాల చెరువుకైనా నా 40 లీటర్ల తొట్టికైనా లెక్క ఒకటే. కాకపోతే చిన్న తొట్టిలో చిటికెడు మేత ఎక్కువైనా విషం చప్పున పెరుగుతుంది.

ఈసారి కుళాయి నీళ్లు ఒక రోజు బకెట్లో ఉంచి పోశాను, క్లోరిన్ పోవాలని. తాండవ కాలవ గట్టున దొరికిన నాచు, అదే హైడ్రిల్లా, జలగలూ నత్తలూ రాకుండా వారం విడిగా ఉంచి నాటాను. అది అమ్మోనియాని నేరుగా కూడా పీల్చుకుంటుంది. రోజూ సాయంత్రం చిటికెడు మేత వేస్తున్నాను, చేపలు లేకుండానే. బాక్టీరియాకి తిండి కావాలిగా! ఏళ్లుగా తొట్టి నడుపుతున్న స్నేహితుడొకాయన తన ఫిల్టర్ స్పాంజిని నా తొట్టిలో పిండారు. ఆ మడ్డినీళ్లు చూసి ఇంట్లోవాళ్లు అయ్యో అన్నారు. పాలకు తోడు వేసినట్టే అని చెప్పాను. చేపలకు జబ్బు లేని తొట్టి నుంచే తోడు తెచ్చుకోండి. స్పాంజిని ఎప్పుడూ కుళాయి కింద కడగకండి, క్లోరిన్‌కి ఆ తోడు చచ్చిపోతుంది.

పొద్దున్నే తొట్టి నీళ్లు గాజుగొట్టంలో పట్టి, పరీక్ష చుక్కలు వేసి, కిటికీ దగ్గర తెల్లకాగితం ముందు పెట్టి చూస్తాను. మొదటి వారం అమ్మోనియా చుక్కలకు ఆకుపచ్చగా మారిన నీళ్లు ఇవాళ పసుపుగానే ఉన్నాయి, అంటే సున్నా. నైట్రైట్ గొట్టంలో మాత్రం ఊదారంగు ఇంకా పూర్తిగా నీలంలోకి దిగలేదు, నీలమైతేనే సున్నా. లంబసింగి వైపు నుంచి చలిగాలి దిగుతోంది, చలికి బాక్టీరియా మెల్లగా పనిచేస్తుంది. వరుసగా వారం రోజులు రెండూ సున్నా చూపిస్తే సగం నీళ్లు మార్చి రెండే గప్పీలు వేస్తాం. ఏ రెండన్నది మా అమ్మాయి ఇష్టం.

మీ
నర్సీపట్నం నేస్తం