నదికీ ఒక వాటా

ఈ పొద్దున దక్షిణ కొరియాలోని హాదోంగ్‌లో జెచొప్ సూప్ తాగాను. గోరంత ఆల్చిప్పలు, పలచటి తెల్లటి చారు, పైన సన్నగా తరిగిన ఆకుకూర. అంతే. ఎంత బావుందో!

బయటికొస్తే ఎదురుగా సొమ్‌జిన్ నది.
ఆటు వేళ నడుం లోతు నీళ్లలో నిలబడి, పొడవాటి కర్రకు బిగించిన ఇనప పళ్ల దంతెతో ఇసుక గీకి ఈ ఆల్చిప్పల్ని పడతారిక్కడ. ఆ పద్ధతిని 2023లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

ఈ ఆల్చిప్ప బతకాలంటే మంచినీళ్లూ ఉప్పునీళ్లూ కలిసే చోటు కావాలి. ఎగువన 1965లో పూర్తయిన సొమ్‌జిన్ డ్యామ్ నుంచేమో నీళ్లు కొండ దాటి దోంగ్‌జిన్ నది వైపు, హోనామ్ మైదానంలో వరికి వెళ్తాయి. కిందికొచ్చేవి తగ్గాయి. పైగా ఏళ్ల తరబడి ఇసుక తవ్వకం. సముద్రపు ఉప్పు పైపైకి ఎక్కింది.

అవతలి రైతును ఏమనగలం? ఆ అన్నమూ కావాలి.
అయినా నా మనసు నడుం లోతు నీళ్లలో ఉన్నవాళ్ల వైపే లాగుతోంది. పొలాలకు నీళ్లు పంచేటప్పుడు నది పేరున కూడా ఓ వాటా రాయాలి కదా!

కృష్ణా, గోదావరి చివరి ఊళ్లవాళ్లెవరైనా ఉన్నారా ఇక్కడ? మీ వైపు వేసవిలో ఉప్పునీళ్లు ఎందాకా వస్తున్నాయి? చెప్పండి.