గది ఖాళీ చేయాలి.. ఈ ఆట డబ్బాలేం చేయాలి?

ఫిల్మ్ నగర్‌లో మా గేటుకి టు-లెట్ బోర్డు వేలాడుతోంది. నేనింకా గది ఖాళీ చేయనే లేదు. "చూసుకునేవాళ్లు చూసుకుంటారు, నువ్వు సర్దుకో బాబూ" అంది ఓనర్ ఆంటీ. సర్దడానికి పెద్దగా ఏముంది? ఒక సూట్‌కేసు బట్టలు, రెండు అట్టపెట్టెల పుస్తకాలు, గ్యాస్ స్టవ్వు. అసలు సమస్య గోడ అలమారాలో ఉంది. కింది నుంచి పైదాకా బోర్డు గేములు. లెక్కపెడితే 23 తేలాయి.

ఈ గదిని అందరూ పెంట్‌హౌస్ అంటారు. పేరు వింటే ఎంతో ఊహించుకుంటారు గానీ, డాబా మీద ఒక గది, పక్కన నీళ్ల ట్యాంకు, అంతే. ట్యాంకు దగ్గర నిలబడితే ఒకవైపు జూబ్లీహిల్స్ బంగళాలు, ఇంకోవైపు బస్తీ ఇళ్ల రేకులు ఒకే చూపులో కనిపిస్తాయి. 2018లో నేనూ, మా రూమ్మేట్ అన్నా కలిసి ఈ గదిలో దిగాం. నేను అసిస్టెంట్ డైరెక్టర్. అన్న కెమెరా డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్. ఊరు తెనాలి దగ్గర.

ఇప్పుడు నేను వెళ్లేది కృష్ణా నగర్‌లో షేరింగ్ రూముకి. అక్కడ నా వాటాకి ఒక్కటే అర. అందులో ఐదు డబ్బాలకు మించి పట్టవు.

ఇన్ని ఎందుకు కొన్నాను?

సినిమా పనిలో ఎక్కువ భాగం ఎదురుచూడటమే. హీరో డేట్స్ కోసం, ప్రొడ్యూసర్ ఫోన్ కోసం, వాన తగ్గడం కోసం, చేయాల్సిన పేమెంట్ పడటం కోసం. స్టోరీ సిట్టింగ్ అని పదింటికి రమ్మంటారు, సిట్టింగ్ మొదలయ్యేది నాలుగింటికి. ఆ మధ్యలో కొందరు పేకాడతారు, కొందరు ఫోన్ చూస్తారు. మేం బోర్డు పరిచేవాళ్లం. షెడ్యూల్ అయిపోయి చేతికి డబ్బులొచ్చిన ప్రతిసారీ ఒక డబ్బా ఇంటికొచ్చేది. డబ్బులు రాని నెలల్లో ఉన్నవే ఆడేవాళ్లం.

అందుకే సర్దడం మొదలుపెట్టేముందు మూడు ప్రశ్నలు రాసుకున్నా. మీ అలమారాకీ పనికొస్తాయి చూడండి. ఒకటి, గడిచిన ఏడాదిలో ఒక్కసారైనా ఆడానా? రెండు, ముక్కలన్నీ ఉన్నాయా? లేకపోతే చొక్కా గుండీతోనో, చింతగింజతోనో నడుస్తుందా? మూడు, రూల్స్ పుస్తకం తెరవకుండా పది నిమిషాల్లో కొత్తవాళ్లకి నేర్పగలనా? మూడింటికీ 'లేదు' అయితే ఆ డబ్బా వెళ్లిపోవాల్సిందే. నేల మీద మూడు కుప్పలు పెట్టాను: ఉంచేవి, ఇచ్చేవి, అమ్మేవి.

నానమ్మ గుడ్డ

మొదట చేతికొచ్చింది డబ్బా కూడా కాదు, మడతపెట్టిన గుడ్డ. సూర్యాపేటలో మా నానమ్మ దారంతో కుట్టిన అష్టా చమ్మా. అడ్డం ఐదు, నిలువు ఐదు, మొత్తం 25 గళ్లు. ఎవరూ చంపకూడని గళ్లలో ఇంటూ గుర్తులు. ఒక మూల ముడిలో నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. కాయలు ఎప్పుడూ లేవు. విరిగిన గాజు ముక్కలు, చింతగింజలు, చాక్‌పీసులు.. ఏది దొరికితే అది.

2008లో ఇంద్రగంటి మోహనకృష్ణ 'అష్టా చమ్మా' సినిమా తీసినప్పుడు, నాని అందులోనే మొదటిసారి హీరోగా కనిపించాడు. ఆ పేరు ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది. నితిన్ 'చెక్' 2021లో వచ్చింది, చదరంగం నేర్చుకునే ఖైదీ కథ. ఇక పౌరాణికాల సంగతి చెప్పక్కర్లేదు. పాచికలు లేని శకుని మనకు లేడు. మన కథల్లో ఆట అంటే కాలక్షేపం ఒక్కటే కాదు, పందెం కూడా ఉంటుంది.

గుడ్డ మూడు ప్రశ్నలూ దాటేసింది. బరువు కూడా లేదు. ఉంచే కుప్ప.

నంబర్ల వీధుల్లో మోనోపలీ

రెండోది మోనోపలీ. చిన్నప్పుడు మనం 'బిజినెస్' అని ఆడిందానికి అన్నలాంటిది. దీని వెనుక కథ తెలిశాక నాకు ఈ ఆటంటే గౌరవం పెరిగింది. అమెరికాలో లిజీ మాగీ అనే ఆమె 1904లో 'ది ల్యాండ్‌లార్డ్స్ గేమ్' అనే ఆటకి పేటెంట్ తీసుకుంది. భూమి చేతిలో ఉన్నవాడు అద్దెలతో ఎలా పెరుగుతాడో, అద్దె కట్టేవాడు ఎలా కరిగిపోతాడో ఆడించి చూపిద్దామని ఆమె ఆలోచన. దాని నుంచి పుట్టిన మోనోపలీని పార్కర్ బ్రదర్స్ 1935లో మార్కెట్లోకి తెచ్చింది. జనానికి మాత్రం ఎదుటివాడిని దివాలా తీయించడమే నచ్చింది.

జూబ్లీహిల్స్‌లో ఉంటూ ఈ ఆట ఆడటం తమాషాగా ఉంటుంది. ఇక్కడ వీధులకి పేర్ల కంటే నంబర్లే ఎక్కువ వాడతారు. రోడ్ నంబర్ 10, 36, 45.. అచ్చం బోర్డు మీద గళ్లలాగే. కాకపోతే ప్రతి నంబరు పక్కనే తర్వాతి నంబరు ఉంటుందని నమ్మి నడిస్తే కాళ్లు నొప్పులే. 1960ల్లో హౌసింగ్ సొసైటీ మొదలైనప్పుడు ఇదంతా గుట్టలూ, బండరాళ్లూ. తర్వాత అన్నపూర్ణ, పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు ఈ చుట్టుపక్కలే వెలిశాయి. మద్రాసు నుంచి పరిశ్రమ మెల్లగా ఇటు జరిగింది. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి తెరిచారు. రోడ్ నంబర్ 45 నుంచి మాదాపూర్ ఐదు నిమిషాలైంది. అద్దెలు కూడా అదే వేగం అందుకున్నాయి.

నేను గది మారడానికి కారణం అదే. గేటుకి వేలాడే బోర్డు మీద ఎంత అడుగుతున్నారో నేను ఆంటీని అడగలేదు. మోనోపలీ ఇచ్చే కుప్పలోకి వెళ్లింది.

గొర్రెలు, సినిమాలు

కటాన్ డబ్బా అంచులు చిరిగిపోయాయి. జర్మనీకి చెందిన క్లాస్ టాయిబర్ 1995లో తెచ్చిన ఆట ఇది. దీవిలో ఇళ్లు, రోడ్లు కట్టుకుంటూ ఇటుకలకి గొర్రెలు, గొర్రెలకి గోధుమలు బేరమాడుకోవాలి. పది పాయింట్లు ముందు ఎవరికొస్తే వాళ్లది గెలుపు. మా అన్న ఈ ఆటలో ఎప్పుడూ గెలిచేవాడు కాదు. ఎవరు అడిగినా ఇచ్చేసేవాడు. "వాడికి ఒక్క ఇటుకే కదరా తక్కువ, పోనీలే" అనేవాడు. ఆ ఇటుకతో వాడు గెలిచేవాడు.

కోడ్‌నేమ్స్‌ని మేం పూర్తిగా తెలుగు చేసేశాం. ఇది 2015లో వచ్చిన చెక్ డిజైనర్ వ్లాదా హ్వాతిల్ ఆట. బల్ల మీద 25 పదాలుంటాయి, ఒక్క మాట, ఒక్క అంకె క్లూగా ఇస్తే మన జట్టు సరైన పదాలు పట్టుకోవాలి. పదాలు తీసేసి, విజిటింగ్ కార్డుల వెనక సినిమా పేర్లు రాసుకున్నాం. ఒకరోజు క్లూ "జంతువు, మూడు". 'ఈగ' దొరికింది, 'సింహాద్రి' దొరికింది. మూడోది 'గబ్బర్ సింగ్' అట. సింగ్ అంటే సింహమేగా అని వాడి వాదన. ఆ రాత్రి పన్నెండున్నరకి కింద నుంచి ఆంటీ చీపురు కర్రతో స్లాబు కొట్టిన చప్పుడు నాకింకా గుర్తే.

కోడ్‌నేమ్స్ ఉంచే కుప్ప. కటాన్ అమ్మే కుప్ప. డబ్బులు అవసరం మరి.

అడుగున నోటు పుస్తకం

ఇక అన్నిటికంటే కింద ఉన్నది పాండెమిక్. మ్యాట్ లీకాక్ తయారు చేసిన ఈ ఆట 2008లోనే వచ్చింది. ఇందులో ఒకరితో ఒకరు పోటీ పడరు. ఆటగాళ్లంతా ఒక జట్టు, ప్రపంచమంతా పాకుతున్న రోగాలు అవతలి జట్టు. బోర్డు మీద ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై ఉంటాయి. "చూడు, ఇందులో కూడా ఇంకా మద్రాసే ఉంది, మనం లేం" అని నవ్వేవాడు అన్న. డబ్బా అతనిదే.

2020 మార్చిలో షూటింగులు ఆగిపోయాయి. ఎప్పుడూ జనంతో ఉండే చెక్ పోస్ట్ సెంటర్ ఖాళీ. కృష్ణా నగర్‌లో తెల్లారుజామున బ్యాగులతో కారవాన్లలా నిలబడే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు కనిపించడం మానేశారు. మేమిద్దరం ఈ డాబా మీద పొద్దున, సాయంత్రం ఇదే ఆట ఆడాం. జూన్‌లో షూటింగులకి మళ్లీ అనుమతి వచ్చింది గానీ అందరికీ పని రాలేదు. అన్న ఊరెళ్లాడు. నెల రోజుల్లో వస్తానన్నాడు, రాలేదు. తెనాలిలోనే పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు మొదలుపెట్టాడు.

డబ్బాలో బోర్డు కింద ఒక చిన్న నోటు పుస్తకం. ఎడమ పేజీల్లో స్కోర్లు, కుడి పేజీల్లో గది లెక్కలు. అన్న రాత గుండ్రంగా ఉంటుంది. ఏప్రిల్ అద్దె 7,000, మే అద్దె 7,000. రెండింటి పక్కనా 'నేను' అని ఉంది. కింద కిరాణా లెక్క. నా వాటా మొత్తం 8,850. పక్కన బ్రాకెట్లో 'తమ్ముడు, తర్వాత' అని.

మర్చిపోయానని రాస్తే అబద్ధం. మొదటి ఏడాది ప్రతి నెలా గుర్తొచ్చేది. డబ్బులు లేవు కాబట్టి ఫోన్ చేయలేదు. తర్వాత డబ్బులొచ్చాయి, అప్పటికి ఇన్నాళ్లు ఎందుకు చేయలేదో చెప్పాల్సి వస్తుందని చేయలేదు. మా మధ్య ఏ గొడవా జరగలేదు. నేను ఫోన్ చేయడం మానేశాను, అంతే. ఆ మధ్యలో ఆరు డబ్బాలు కొన్నాను. అవి నా ఎదురుగానే, నేల మీద కుప్పల్లో ఉన్నాయి.

ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు.

"ఏరా తమ్ముడూ, బతికే ఉన్నావా?"

"అన్నా, గది ఖాళీ చేస్తున్నా. నీ పుస్తకం దొరికింది. 8,850 ఇవ్వాలి నేను."

కాసేపు మాట లేదు. పోనీలే అంటాడనుకున్నా. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నానని కూడా అప్పుడే తెలిసింది.

"పంపు మరి" అన్నాడు. "ఈ నెల కెమెరా ఈఎంఐ ఉంది. నంబరు అదే."

పంపాను. కటాన్‌తో పాటు ఇంకో మూడు కూడా అమ్మే కుప్పలోకి జరిపాను. ఐదు నిమిషాల తర్వాత అతనే మళ్లీ చేశాడు.

"వచ్చినయ్ రా. అవునూ, ఆ ఆట మనం ఎన్నిసార్లు గెలిచాం?"

పేజీలు తిప్పి లెక్కపెట్టాను. "31 ఆడితే తొమ్మిది."

"తొమ్మిదా! నేను మూడో నాలుగో అనుకున్నా. నయమే."

సంచి మోస్తూ ఒక ఆదివారం

ఆదివారం రెండు పెద్ద సంచులతో బయల్దేరాను. మొదట రోడ్ నంబర్ 36 వైపు ఒక బోర్డు గేమ్ కేఫ్. కౌంటర్ దగ్గర అమ్మాయి కటాన్ డబ్బా తెరిచి కార్డులన్నీ లెక్కపెట్టింది. "ఉన్ని కార్డులు 19 ఉండాలి అన్నా, 18 ఉన్నాయి" అంది. ఒకటి తగ్గిందని వంద తగ్గించింది. నాకు నచ్చింది. ఆటని ఆటలా చూసే మనిషి చేతికే పోయింది.

అక్కణ్నుంచి మెట్రోలో యూసుఫ్‌గూడ. అక్కడి సర్కారు బడిలో చెప్పే ఫ్రెండ్‌కి స్క్రాబుల్, టికెట్ టు రైడ్, మరో ఆరు ఇచ్చాను. ముక్కలు తక్కువైన వాటికి మూత లోపల ఏం తగ్గాయో, వాటి బదులు ఏం వాడొచ్చో రాసి పెట్టా. ఇవ్వడమంటే చెత్త వదిలించుకోవడం కాకూడదు కదా. మీరు కూడా ఇచ్చేముందు ఈ పని తప్పకుండా చేయండి.

తిరిగొచ్చేసరికి మా సందు చివర అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య, ఇద్దరు పిల్లలు పార్కింగ్‌లో కూర్చుని ఉన్నారు. సంచిలో మిగిలిన మోనోపలీ పిల్లలకిచ్చా. పెద్దది నోట్లు చూసి మురిసిపోయింది. వాళ్ల ముందు సిమెంటు నేల మీద బొగ్గుతో గీసిన 25 గళ్లున్నాయి, ఇంటూ గుర్తులతో సహా. గవ్వలు లేవు. చింతగింజల్ని ఒక పక్క అరగదీసి వేస్తున్నారు.

"ఆడతవా సార్?" అంది ఆమె. కూర్చున్నా. మూడు కాయలు చంపింది నావి.

ఇప్పుడు కృష్ణా నగర్ గదిలో నా అరలో నాలుగే ఉన్నాయి: గుడ్డ, కోడ్‌నేమ్స్, ఒక చదరంగం, ఒక పులిమేక పలక. ఐదోది పాండెమిక్ అనుకున్నా గానీ, అది నాది కాదు కదా. నోటు పుస్తకం లోపలే పెట్టి, కొరియర్‌లో తెనాలి పంపించేశాను. పుస్తకంలో ఖాళీ పేజీలు ఇంకా చాలా ఉన్నాయి. సంక్రాంతికి రమ్మన్నాడు.