నానా అడిగిన డకోటా

మా మాము షికాగోలో టాక్సీ నడిపేవాడు. వెళ్లిన ఏడేళ్లకు మొదటిసారి వతన్‌కు వస్తున్నానని ఫోన్ చేసి, ఎవరికేం కావాలని అడిగాడు. అమ్మీ చేతిగడియారం అంది. ఆపా సెంటు సీసా అంది. నానా ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, "ఇత్తర్ విత్తర్ నక్కో బా, మిలా తో ఏక్ డకోటా లా" అన్నాడు.

అందరం నవ్వాం. నానా నవ్వలేదు.

జవానీలో నానా బేగంపేటలో హమాలీ. 1945లో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్ విమానాల్లోకి సామాను ఎక్కించేవాడు. ఆ కంపెనీలో పెద్ద వాటా నిజాం సర్కారుది, మిగతాది టాటాలది. నడిపినవి డకోటాలు. అసలు పేరు డగ్లస్ డీసీ-3. డకోటాకు చిన్న చక్రం తోక కింద ఉంటుంది. అందుకే నేల మీద నిలబడ్డప్పుడు కూడా ముక్కు ఆకాశం వైపే. లోపల నడవాలంటే గుట్ట ఎక్కినట్టే. నెత్తిన పెట్టెతో ఆ గుట్ట ఎక్కడం గురించి నానా ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. "ఖడే ఖడే ఉడ్నే కీ నియ్యత్ కర్తా థా" అనేవాడు. 1953లో దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. నానా ఒక్కసారి కూడా అందులో ప్రయాణించలేదు. మేం పుట్టేసరికి షుగర్ ఆయన చూపును చాలావరకు తినేసింది.

మాము నిజంగానే డకోటా తెచ్చాడు. పొడుగాటి అట్టపెట్టె, మూత మీద వెండిరంగు విమానం బొమ్మ. నల్లగొండలో మా ఇంటి దాలాన్‌లో ఖాన్‌దాన్ అంతా చుట్టూ కూర్చున్నాక మూత తీశాం. లోపల విమానం లేదు. కట్టెపుల్లలు, పల్చటి చెక్క రేకులు, మడత పెట్టిన పెద్ద పెద్ద కాగితాలు, ఒక ఇంగ్లీషు పుస్తకం.

"అమెరికా నుంచి చిదుగులు తెచ్చావా తమ్ముడూ?" అంది అమ్మీ.

మాము మొహం చిన్నబోయింది. "మూత మీద బొమ్మ చూసి కొన్నా దుల్హేభాయి, లోపల ఇట్లుంటదని నాకేం ఎరుక?" అన్నాడు అబ్బాతో.

అబ్బా వడ్రంగి. ఒక చెక్క రేకు తీసి అరచేతిలో తూచాడు. గోరుతో నొక్కితే గీత పడింది. అది బాల్సా, ఎక్కువగా ఈక్వెడార్ నుంచి వచ్చే కట్టె. టేకు, వేప, తుమ్మ తప్ప తెలియని మనిషి చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయి, "దీన్ని మోయనక్కర్లేదు, పట్టుకుంటే చాలు" అన్నాడు.

పెట్టె మీద పేరు టాప్ ఫ్లైట్, గోల్డ్ ఎడిషన్. షికాగోలో పుట్టిన కంపెనీ అది. తర్వాత అక్కడికి దక్షిణంగా రెండు గంటల దారిలో ఉన్న షాంపేన్ ఊరి హాబికో కంపెనీ చేతికి వెళ్లింది. రేడియోతో ఎగిరే విమానాల నమూనాలకు ప్రపంచమంతా దానికి నామ్ ఉండేది. మస్టాంగ్, స్పిట్‌ఫైర్, కోర్సెయిర్, సెస్నా, డకోటా, అన్నీ అసలు విమానం కొలతల్ని తగ్గించి తీసినవే. మా డకోటా రెక్కలు ఆ చివర నుంచి ఈ చివరకు 82 అంగుళాల పైనే. దానికి రెండు ఇంజన్లు, రేడియో, పైన ఇస్త్రీతో అతికించే రంగు పొర కావాలి. అవేవీ పెట్టెలో రావు, విడిగా కొనుక్కోవాలి. వచ్చేసారి తెస్తానని మాము వాదా చేసి వెళ్లాడు.

ఇక పుస్తకం చదవడం నా వంతు. నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేస్తున్నాను. ఇంగ్లీషు రెండుచోట్లా మెహమాన్‌లా వచ్చి పోయింది. లుగత్ ముందు పెట్టుకుని ఒక్కో వాక్యం విప్పుతుంటే, అబ్బా నాకంటే ముందే పని మొదలుపెట్టేవాడు. కాగితాల మీద నక్షా అసలు సైజులోనే ఉంది. దాన్ని బల్ల మీద పరిచి, ఏ ముక్క ఏ గీత మీద కూర్చోవాలో అక్కడే పెట్టి అతికించాలి. నంబర్లకు పక్కన అబ్బా పెన్సిల్‌తో ఉర్దూ అంకెలు వేసుకున్నాడు.

రెక్కలోని పక్కటెముకల కింద చిన్న చిన్న కాళ్లు ఉన్నాయి. ఇవెందుకో పుస్తకంలో వెతుకుతుంటే అబ్బా నవ్వాడు. "సెంట్రింగ్ రా. స్లాబ్ గట్టిపడేదాకా నిలబెట్టడానికి. తర్వాత కోసేయాలి." నాలుగు పేజీలు దాటాక పుస్తకం కూడా అదే చెప్పింది. ఆ రోజు అబ్బా మొహంలో కనిపించిన ఖుషీ, పెద్దిళ్లకు తలుపులు చేసి ఇచ్చినప్పుడు కూడా చూడలేదు. ఎక్కడో అమెరికాలో ఒక కారీగర్ తనలాగే ఆలోచించాడని ఆయనకు అర్థమైంది.

రోజూ అసర్ తర్వాత నానా వచ్చి వేళ్లతో తడిమి చూసేవాడు. "సామాను తలుపు ఎడమ పక్కే కదా?" అని అడిగేవాడు. ఎనిమిది నెలలు పట్టింది. రంగు పొర లేదు కాబట్టి పతంగుల కాగితం తెచ్చి మైదా లేయితో అతికించాం. నానా మంచం పైన దూలానికి కట్టాం. ముక్కు పైకి, తోక కిందికి ఉండేట్టు తాడు సరిచేయించింది నానాయే. రెండేళ్లు ఆయన దాని కిందే పడుకున్నాడు. మాము ఇంజన్లు తేలేకపోయాడు. వాళ్లింట్లో కష్టాలు వాళ్లకున్నాయి. నానా జనాజాకు కూడా రాలేకపోయాడు.

డకోటా ఎప్పుడూ ఎగరలేదు.

2018 జనవరిలో ఒకరాత్రి న్యూస్ డెస్క్‌లో ఉండగా హాబికో దివాలా పిటిషన్ వేసిందన్న వార్త కనిపించింది. తెలుగు పత్రికలో దానికి జాగా లేదు. నేను మాత్రం మొత్తం చదివాను. అది ఉద్యోగులే మాలికులైన కంపెనీ. రిటైర్మెంట్ కోసం వాళ్ల పేర్ల మీద ఉన్నవి కంపెనీ వాటాలే. కంపెనీతోపాటు అవీ పోయాయి. టాప్ ఫ్లైట్ పేరును అదే ఊళ్లోని పోటీదారు హొరైజన్ హాబీ కొనుక్కుంది. అప్పటికే కాలం మారింది. పెట్టెలోంచి తీసి ఎగరేసుకునే ఫోమ్ విమానాలు, డ్రోన్లు వచ్చాక నెలల తరబడి కూర్చుని అతికించే సబర్ ఎవరికుంది? ఆజంజాహీ మిల్లు మూతపడ్డ ఇళ్లను చూసినవాణ్ణి, పేరు మిగిలి పని పోవడమంటే ఏమిటో నాకు వేరే చెప్పాలా?

ఆ రాత్రి నాకు ఒక్కటే గుర్తొచ్చింది, భరోసా. ఆ కంపెనీ సగం పని పెట్టెలో పెట్టి, మిగతా సగాన్ని మొహం తెలియని మనిషికి అమానత్‌గా ఇచ్చింది. ఇంగ్లీషు రాని నల్లగొండ వడ్రంగి మీద కూడా భరోసా పెట్టింది, అబ్బా నిలబెట్టుకున్నాడు. అక్కడ ఆ ముక్కలు కోసి పెట్టెల్లో సర్దిన చేతులు తమ బుఢాపాను కంపెనీ మీద భరోసాతో వదిలాయి. వాళ్ల అమానత్ వాళ్లకు తిరిగి రాలేదు.

పాత ఇల్లు కూల్చినప్పుడు చూస్తే డకోటా తోకను చెదలు తినేశాయి, ఒక రెక్క విరిగింది. నక్షా మాత్రం నా దగ్గరే ఉంది. మొన్న మా అబ్బాయి డ్రోన్ ఎగరేస్తుంటే అబ్బా కుర్చీలోంచి చూస్తూ, "ఇప్పుడు ఇంజన్లు దొరుకుతాయా?" అని అడిగాడు.

"ఆ కంపెనీయే లేదబ్బా" అన్నాను.

"కంపెనీ లేకపోతే ఏంది, నక్షా ఉంది కదా" అన్నాడు.

బాల్సా ఎక్కడ దొరుకుతుందో వాకబు చేస్తున్నాను. అబ్బా చేతులు కొంచెం వణుకుతున్నాయి. ఈసారి ముక్కలు కోయాల్సింది నేను, మా అబ్బాయి.